గీత మీదికి లాగిన గొంతు

ప్రభాకర్‌ది వేంసూరు. అన్నదమ్ములు ఊళ్ళోనే పామాయిల్ తోటలు చూసుకుంటున్నారు. అతను మాత్రం భద్రాచలం వచ్చి, ఒక మందుల షాపు పైన వాటా కిరాయికి తీసుకుని, ముందు గదిలో రికార్డింగ్ స్టూడియో, వెనక గదుల్లో సంసారం పెట్టాడు. స్టూడియో గోడలకు స్పాంజి పలకలు అంటించి ఉంటాయి. కిటికీకి మందపాటి దుప్పటి. రాముడి మీద భజన పాటలు, నాయకుల పుట్టినరోజు పాటలు, పెళ్ళి ఊరేగింపుల్లో డీజే వాళ్ళు మోగించే జానపదాలు, అన్నీ ఆ గదిలోనే తయారవుతాయి.

అతను గాయకుడు కావాలనుకున్న మనిషి. కుర్రతనంలో సత్తుపల్లి చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో పాడేవాడు. ఆడవాళ్ళు వంటలు వదిలి వచ్చి వినేవాళ్ళని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ ధైర్యంతోనే హైదరాబాద్ వెళ్ళి, ఒక సంగీత దర్శకుడి దగ్గర కోరస్ పాటలకు పరీక్ష ఇచ్చాడు. అక్కడి సహాయకుడు కళ్ళు మూసుకుని విని, "గొంతు బాగుంది బాబూ. పైకి వెళ్ళినప్పుడు శ్రుతి దిగుతోంది" అన్నాడు. కటువుగా ఏమీ అనలేదు. అందుకే ఆ మాట అంత లోతుగా దిగింది.

తిరిగొచ్చాక తోటలో నిలబడి ఏళ్ళతరబడి సాధన చేశాడు. గొంతు పైకి వెళ్ళేది, తీరా చేరాల్సిన చోటికి వేలెడు దూరంలో జారేది. జారడం అతనికే వినబడేది. ఇక అప్పట్నుంచి ఎవరైనా హాయిగా పాడుతుంటే అక్కడ కూర్చోలేకపోయేవాడు. టీవీలో పాటల పోటీ వస్తే ఛానల్ మార్చేసేవాడు. భార్య నాగలత చపాతీలు ఒత్తుతూ కూనిరాగం తీస్తే, "ఆ ఫ్యాను చప్పుడే భరించలేకపోతున్నాను" అనేవాడు.

శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ చేతికొచ్చిన రోజు అతని జీవితంలో పండగ. కంప్యూటర్ తెర మీద అడ్డంగా గీతలుంటాయి, ఒక్కో స్వరానికి ఒక్కో గీత. రికార్డు చేసిన గొంతయినా, అప్పుడే పాడుతున్న గొంతయినా అందులో పెడితే అది చింతగింజల వరసలా కనిపిస్తుంది. సరిగ్గా పాడిన గింజ గీత మీద కూర్చుంటుంది, తప్పినది కిందనో పైనో తేలుతుంది. మౌస్‌తో పట్టుకుని గీత మీదికి లాగితే చాలు, తప్పు ఒప్పయిపోతుంది. మొట్టమొదట తన పాత పాటే ఒకటి తీసి, జారిన ప్రతి గింజనూ పైకి లాగాడు. తర్వాత నాగలతను పిలిచి వినిపించాడు.

"ఎవరో చెప్పుకో."

"మీరే కదండీ" అంది ఆమె. కాస్త ఆగి, "కానీ మీలా లేదు" అంది.



తన పాట తనకు ఉపయోగపడకపోయినా, ఆ సాఫ్ట్‌వేర్ అతనికి ఇంకో రకంగా ఊరట ఇచ్చింది. స్టూడియోకి ఎంత పేరున్న గాయకుడు వచ్చినా, తెర మీద అతని గింజలూ పక్కకు తేలుతూనే ఉంటాయి. బయట దండలు వేయించుకునేవాళ్ళ తప్పులన్నీ తన కంప్యూటర్లో ఉన్నాయి. వాళ్ళు టీ తాగి, "పాట అదిరింది కదన్నా" అని వెళ్ళిపోయాక, ప్రభాకర్ ఒక్కో తప్పునూ పెద్దది చేసి చూసుకుని, తర్వాతే సరిచేసేవాడు. అందరూ జారేవాళ్ళే. తను ఒక్కడే దొరికిపోయాడు, అంతే. ఈ ఆలోచనతో చాలా ఏళ్ళు నెమ్మదిగా బతికాడు.

అలాంటప్పుడు రవీందర్ ఒక మధ్యాహ్నం జంపక్కను వెంటబెట్టుకుని వచ్చాడు.

రవీందర్ ఖమ్మం మనిషి. యూట్యూబ్‌లో జానపద పాటల ఛానల్ నడుపుతాడు. బీడీలు చుట్టే తునికాకు సీజన్లో చర్ల వైపు వెళ్ళినప్పుడు, ఆకు ఆరబోసే కల్లం దగ్గర కట్టలు పేర్చుతూ పాడుతున్న జంపక్కను విన్నాడట. ఆమెకు నలభై దాటి ఉంటాయి. చర్ల దాటాక అడవిలో కోయ గూడెం వాళ్ళది. పోడు చేసుకుంటారు, ఆకు సీజన్లో ఆకు కోస్తారు. దారిలో పోలీసు క్యాంపు దగ్గర బస్సు ఆపి అందరి సంచులూ చూశారని, అందుకే ఆలస్యమైందని చెప్పి, ఆమె చెప్పులు మెట్ల దగ్గరే వదిలి లోపలికొచ్చింది.

"అన్నా, జల్దీ అయితదా? నాలుగింటి బస్సు పోతే నాకు మల్ల తిప్పలు" అంది ప్రభాకర్‌తో.

హెడ్‌ఫోన్స్ పెట్టబోతే వద్దంది. "చెవులు మూస్తే నా గొంతు నాకెట్ల ఇనబడ్తది?" అని నవ్వి, మైకు ముందు నిలబడి అందుకుంది.

ఇప్ప పూలు రాలంగ ఇంటెనక తోవలో
ఎవలొచ్చి పోయిండ్రో అడుగైన లేదు

రెండో పాదానికే ప్రభాకర్ తెర వైపు వంగాడు. తేలిన గింజ కోసం వెతికాడు. ఒకటి దొరికింది. 'లేదు' అనే మాటలో 'లే' దగ్గర స్వరం రెండు గీతల నడుమ నిలబడింది. అతని ప్రాణం కుదుటపడింది. ఇంకోసారి పాడించాడు. 'లే' మళ్ళీ అక్కడే నిలబడింది. మూడోసారి పాడించి, మూడూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోటు. తప్పయితే ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. ఇది తప్పు కాదు. ఆమె కావాలని అక్కడికే వెళుతోంది, వెళ్ళి నిలబడుతోంది, ఆ నిలబడ్డ చోట వినేవాడి గుండె కలుక్కుమంటోంది.

ప్రభాకర్‌కు చెవులు వేడెక్కాయి. తను ఏళ్ళతరబడి వేలెడు దూరం దాటలేక ఏడ్చిన చోటికి ఈ మనిషి ఆకు కట్ట విసిరినంత తేలిగ్గా వెళ్ళి వస్తోంది. పైగా బస్సు గురించి ఆలోచిస్తోంది.

"గొంతు నొప్పెడుతోందా?" అని అడిగాడు. నొప్పెడుతోందంటే బాగుండునని ఉంది.

"లే అన్నా. పొద్దంతా పాడుతుంట గద."

"నాగలతా! చల్లటి నీళ్ళు తీసుకురా" అని కేకేశాడు. ఫ్రిజ్ నీళ్ళు తాగితే గొంతు పట్టేస్తుందని అతనికి తెలుసు. నాగలత తెచ్చింది. జంపక్క గ్లాసు ఎత్తి గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, నాలుగోసారి అంతే పాడింది.

ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని నాగలత తలుపు దగ్గరే ఉండిపోయింది. పాట అయ్యేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇంకొక్కసారి పాడమ్మా" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ప్రభాకర్‌ను ఆ మాట అడిగింది లేదు. అతను కుర్చీలోంచి లేచి ఏసీ రిమోట్ కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక నాగలత వెనక గదిలో అన్నం వార్చుతూ ఆ పాటే తీస్తోంది. ప్రభాకర్ తలుపు వేసుకుని పనిలో కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట ఉంటుంది. స్వరం ఎంత గట్టిగా గీతకు అతుక్కోవాలో అది చెబుతుంది. మామూలుగా దాన్ని కొంచెమే కదుపుతాడు. ఆ రోజు చివరిదాకా తోశాడు. గింజలన్నీ సిపాయిల్లా గీతల మీద నిలబడ్డాయి. జంపక్క గొంతులో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే మెలికలన్నీ చదునైపోయాయి. 'లే'ను తన చేత్తోనే పట్టుకుని పై గీత మీదికి లాగాడు. లాగుతున్నప్పుడు, తన పని తను చేస్తున్నానని మనసుకు చెప్పుకున్నాడు. పాట గీతల మీద ఉండాలి కదా, ఎవరిదైనా ఒకటే లెక్క కదా అనుకున్నాడు. కానీ పెదవుల మీద చిన్న నవ్వు ఉంది. అది అతనికి తెలుసు.

రవీందర్ విని, "అన్నా, స్టూడియో సౌండ్ వచ్చింది! అచ్చం సీడీ లెక్కుంది" అని సంబరపడ్డాడు. కీబోర్డు, డప్పు, ఫ్లూటు కలిపి పాట విడుదల చేశాడు.

పాట చప్పగా పడిపోతుందని ప్రభాకర్ లోపల్లోపల ఆశపడ్డాడు. కానీ అది పెద్ద పెద్ద సినిమా పాటల్లా పాకిపోయింది. పెళ్ళి బరాతుల్లో అదే, ఆటోల్లో అదే, కాలేజీ పిల్లల రీల్స్‌లో అదే. కింద మందుల షాపు వాడు కూడా రింగ్‌టోన్ పెట్టుకున్నాడు. 'ఏం గొంతు అక్కా', 'అడవి తల్లి గొంతు' అంటూ యూట్యూబ్‌లో పాట కింద రాసేవాళ్ళకు అంతే లేదు. ప్రభాకర్ ఆ రాతలన్నీ కూర్చుని చదివేవాడు. మీరు మెచ్చుకుంటున్నది ఆమెను కాదు, నా మౌస్‌ను అని రాయాలనిపించేది. మరుక్షణమే, ఇంత చదును చేసినా ఇంకా ఆమెలో ఏదో మిగిలే ఉంది, అదే వీళ్ళను పట్టుకుంది అని తోచి కడుపు మండేది. పాడు చేద్దామన్నా పాడు కాలేదన్నదే అతను మింగలేకపోయిన సంగతి.

ఏన్కూరులో ఒక యువజన సంఘం సభకు జంపక్కను పిలిచారు. సాయంత్రం కార్యక్రమం. మైకులు, మిక్సరు ప్రభాకర్‌వే. ఆమె కొత్త చీర కట్టుకుని, రవీందర్ కారు దిగి వేదికెక్కగానే కుర్రాళ్ళు ఈలలు వేశారు. కీబోర్డు మొదలైంది. జంపక్క తనకు వచ్చినట్టు పాడింది. కీబోర్డు గీతల మీద ఉంది, ఆమె 'లే' గీతల నడుమ ఉంది. రెండూ ఒకదాన్నొకటి రాసుకున్నాయి. ముందు వరసలో ఎవరో, "పాట మార్చి పాడుతుందిరో!" అన్నారు. "శ్రుతి పోయింది" అన్నారు ఇంకెవరో. "అసలు పాడింది గీమె కాదంట" అని నవ్వులు లేచాయి.

రవీందర్ మిక్సరు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, ట్రాక్ పెట్టు! ఆమె పెదాలు కదిలిస్తే చాలు."

ట్రాక్ ప్రభాకర్ లాప్‌టాప్‌లోనే ఉంది. వేలు ఒక్కసారి నొక్కితే చాలు.

"తేలేదు రవీందర్. ఇంట్లో ఉండిపోయింది" అన్నాడు.

జంపక్క పాట సగంలో ఆపి, మైకు కింద పెట్టి, వేదిక దిగిపోయింది. ఆ కాసేపు ప్రభాకర్‌కు నోట్లో బెల్లం ముక్క వేసుకున్నట్టు ఉంది. హైదరాబాద్‌లో తను వట్టి చేతులతో మెట్లు దిగిన రోజు గుర్తొచ్చింది. నువ్వూ దిగు అనుకున్నాడు. ఆ తీపి ఇంకా ఉండగానే ఆమె తిన్నగా అతని దగ్గరికే వచ్చింది.

"అన్నా, వాళ్ళు ఏ పాట అడుగుతున్రు? నేను అదే పాడిన గద?"

"నువ్వు రికార్డయిన పాట వినలేదా?"

"సెల్లు నా దగ్గర ఏడున్నది? డీజేల మోగుతుంటే దూరం నుంచి ఇన్న. డప్పు సప్పుడే ఇనబడ్డది."

ప్రభాకర్ హెడ్‌ఫోన్స్ తీసి ఇచ్చాడు. ఈసారి ఆమె వద్దనలేదు. పాటంతా విని, తీసి, "మంచిగనే పాడింది. ఎవలు గీమె?" అంది.

అతను హెడ్‌ఫోన్స్ తీగ చుట్టసాగాడు. రవీందరే, "నువ్వే జంపక్కా! గది నీ గొంతే" అన్నాడు.

ఆమె నమ్మలేదు. ఇద్దరి ముఖాలూ చూసింది. "నాది గట్ల ఉండదు" అని మాత్రం అని, వెళ్ళి కారెక్కింది.

ఆ తర్వాత ప్రభాకర్‌కు అన్నం సయించలేదు. అవమానపడి ఆమె ఇక పాడదని, కథ ముగిసిందని ఒకవైపు తేలిక. 'ఎవలు గీమె' అన్న ప్రశ్న ఇంకోవైపు. చెవిలో దూరిన దోమలా అది వదల్లేదు.

భద్రాచలం సంతకు వచ్చిన రోజు జంపక్క మళ్ళీ మెట్లెక్కింది. భుజాన సంచిలో చింతపండు. దాన్ని నాగలత చేతికిచ్చి, ప్రభాకర్ ముందు నేల మీద కూర్చుంది.

"అన్నా, జనానికి గాళ్ళు ఇన్న పాటే కావాలంటున్రు. గది నాకు నేర్పియ్యి. ఇంకో సభకు పిలిచిన్రు."

ప్రభాకర్‌కు ఒక పట్టాన అర్థం కాలేదు. ఆమెకు తను పాట నేర్పడమా? గుండె ఉబ్బింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు సవరించుకుని, గురువు గారిలా మొదలుపెట్టాడు. 'అడుగైన' దాకా బాగానే వెళ్ళాడు. 'లే' దగ్గర పైకి వెళ్ళి, ఎప్పటిలాగే జారాడు. తలుపు దగ్గర నాగలత చూపు దించుకుంది.  జంపక్క అతను జారిన చోటు కాదు, వెళ్ళాలనుకున్న చోటు పట్టుకుంది.

"పైకి పోవాల్నా? గిట్లనా?" అని పాడింది.

అతను మైకు ఆన్ చేసి మళ్ళీ పాడమన్నాడు. తెర మీద గింజలు ఒక్కొక్కటే వచ్చి గీతల మీద కూర్చున్నాయి. అతను మౌస్ ముట్టుకోలేదు. మొదటి నుంచి చివరిదాకా, తను ఒక సాయంత్రమంతా కూర్చుని లాగినట్టే, ఆమె నోటితోనే పాడేసింది.

"గిదేనా?" అంది. "గీ తీరు సుత బానే ఉన్నది. గానీ ఉప్పు లేని కూర లెక్కుంది."

ప్రభాకర్ తెర వైపే చూస్తున్నాడు. తనకు చేతకానిది ఆమెకు వచ్చు. సాఫ్ట్‌వేర్ చేసేదీ ఆమెకు వచ్చు. ఆ రెండూ కాని మూడోది, గీతల నడుమది, ఆమె సొంతం. అసూయపడడానికి కూడా ఆమెతో తనకు దూరం చాలా ఎక్కువని అతనికి ఆ క్షణంలో తెలిసింది. తెలిసినా మంట తగ్గలేదు. మరింత రగిలింది.

అప్పుడు నాగలత మెల్లగా అడిగింది. "ఆ పాటను మీరెందుకు మార్చారో ఆవిడకి చెప్పారా?"

అతను తలెత్తాడు. ఆమెకు మొదట్నుంచీ తెలుసు. పక్క గదిలో ఉంటూ రెండు పాటలూ విన్న మనిషి.

"జంపక్కా" అన్నాడు.  "నీ పాటలో తప్పేం లేదు. నేనే మార్చాను."

"అవ్, మిషన్ల వేస్తరంట గద. రవీందర్ సారు చెప్పిండు."

"మిషన్ కాదు. నేను. కావాలని చేశాను. ఏన్కూరులో ట్రాక్ నా దగ్గరే ఉంది. లేదని అబద్ధం చెప్పాను."

"ఎందుకట్ల?"

"కుళ్ళు."

"ఎవలి మీద?"

"నీ మీద."

జంపక్క నాగలత వైపు చూసింది, ఈయన వేళాకోళం ఆడుతున్నాడా అన్నట్టు. నాగలత నవ్వలేదు. దాంతో జంపక్కకే నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని.

"నా మీదనా? మా మక్క చేను మీద అడివి పందులు కన్నేసినయ్. నా కోళ్ళ మీద నక్క కన్నేసింది. నా మీద కుళ్ళుకున్నోన్ని ఇయ్యాలే సూస్తున్న! నా దగ్గర ఏమున్నదన్నా?"

 ఆమె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక ముఖం మారింది.

"గానీ ఒక్కటి. మా గూడెం పోరగాళ్ళు సుత ఇప్పుడు సెల్లుల ఇన్నట్టే పాడుతున్రు. నేను పాడితే, అక్కా తప్పు అంటున్రు. మా అవ్వ పాడింది వాళ్ళు ఎరగరు. గది మాత్రం మంచిగ చెయ్యలే నువ్వు."

ఆ మాటకు అతను తల వంచుకున్నాడు. ఆమె కోపంగా అని ఉంటే ఏదో ఒకటి తిరిగి అనేవాడేమో.

మొదటి రోజు రికార్డు చేసిన నాలుగు టేకులూ ముట్టుకోకుండా అలాగే ఉన్నాయి. అందులో ఒకటి విడుదల చేద్దామని రవీందర్‌ను అడిగాడు. "ఆడుతున్న పాటను మల్ల ఎందుకు కెలుకుతవన్నా" అని రవీందర్ ఒప్పుకోలేదు. దాంతో ప్రభాకర్ డప్పు, ఫ్లూటు ఏమీ లేకుండా వట్టి గొంతును తన సొంత ఛానల్‌లో పెట్టాడు. విన్నవాళ్ళు తక్కువ. ఒకరిద్దరు, శ్రుతి చూసుకోండి అని కింద రాశారు. అదే పాటను మెమరీ కార్డులో వేసి, సంతకు వచ్చే వాళ్ళ చేత గూడెం పిల్లలకు పంపాడు. వాళ్ళు విన్నారో, అందులో ఇంకేదైనా సినిమా ఎక్కించుకున్నారో అతనికి తెలియదు.

జంపక్క మాత్రం సభల్లో పాడుతూనే ఉంది. వేదిక మీద గీతల మీది పాట, ఊళ్ళో గీతల నడుమ పాట. కొత్త పాటలు రికార్డు చేయడానికి ప్రభాకర్ దగ్గరికే వస్తుంది. అతను ఆమె గొంతును సాఫ్ట్‌వేర్‌లో పెట్టడం మానేశాడు. ఆమె పాడుతున్నంతసేపూ అతని దవడ బిగుసుకునే ఉంటుంది. ఒక రోజు నాగలత, "ఇంకా ఉందా?" అని అడిగితే, "ఉంది. ఆవిడ వచ్చినప్పుడల్లా ఉంటుంది" అని ఒప్పుకున్నాడు. ఇప్పుడు భార్య కూనిరాగం తీస్తే ఫ్యాను మీద నెపం పెట్టడం లేదు. కాసేపు వింటాడు. ఎక్కువైతే లేచి బయటికెళ్ళి నిలబడతాడు.

మొన్న వానలు వెలిశాక చర్ల వైపు నుంచి పోతయ్య అని ఒక ముసలాయన, డోలు భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో ఆగి, ప్రభాకర్‌ను పైనుంచి కింద దాకా చూశాడు.

"మా జంపక్క మీద కుళ్ళుకున్నది నువ్వేనా?" అన్నాడు.

ఆమె ఆ సంగతి గూడెమంతా చెప్పుకుని నవ్వుకుందన్నమాట. ప్రభాకర్‌కు ముఖం ఎర్రబడింది. నాగలత వెనక గదిలో గరిటె చప్పుడు ఆపి వింటోంది.

"అవ్, నేనే" అన్నాడు ప్రభాకర్. "లోపలికి రా పెద్దాయనా. ఏం పాట తెచ్చావ్?"